జపాను పర్వదినములు – వాని పుట్టుక



ఒక దేశపు చరిత్రను తెలిసికొనగోరువారు సాధారణముగా ఆ దేశపు రాజుల వంశావళిని, వారు చేసిన యుద్ధములను చదువుదురు. అది మంచి మార్గమే. కాని ఆ దేశమువారు ఏయే దినములయందు పని మాని పండుగ చేసికొందురో, ఆ దినములకు ఆ గౌరవమెట్లు కలిగినదో విచారించినను చరిత్ర తెలియును. ఈ రెండవ మార్గమున నేడు మీతో జపాను దేశమునుగూర్చి ముచ్చటింపదలచితిని. ఆ దేశమున చట్టముచే నిర్ణయింపబడిన జాతీయ పర్వదినములు నేడు సంవత్సరమునకు పదునారు కలవు. వానినన్నిటిని వరుసగా ఏకరువు పెట్టినచో అది పంచాంగ శ్రవణమగునేగాని చరిత్ర కాదు. కావున కొన్నిటిని మాత్రము తీసికొని, వానితో ఒక ప్రశ్నకు సమాధానము వెదకుదును. సామాన్యమైన ఒక దినమును పర్వదినముగా చేయువారెవరు? ప్రభువులా, ప్రజలా?

మొదట పంచాంగము సంగతి చెప్పవలెను. పూర్వము జపానీయులు చైనానుండి వచ్చిన చాంద్రమానమును అనుసరించెడివారు. మన పంచాంగమునందువలెనే అందును నెలలు చంద్రుని బట్టి నడచును. ఋతువులు తప్పకుండుటకై అప్పుడప్పుడు అధికమాసము వచ్చును. సంవత్సరములో అయిదు పర్వములు ముఖ్యమైనవిగా ఉండెడివి. మొదటి నెల ఏడవనాడు, మూడవ నెల మూడవనాడు, అయిదవ నెల అయిదవనాడు, ఏడవ నెల ఏడవనాడు, తొమ్మిదవ నెల తొమ్మిదవనాడు; ఇవియే ఆ అయిదును. చైనానుండి వచ్చిన ఈ ఆచారములు జపానులో నాటుకొని, తోకుగావా వంశపు సేనాధిపతులు పరిపాలించిన కాలమున ప్రభుత్వముచేత గూడ పాటింపబడినవి.

1868వ సంవత్సరమున ఆ సేనాధిపతుల పరిపాలనము అంతరించి, మెయిజీ చక్రవర్తి పేర నూతన ప్రభుత్వము ఏర్పడెను. పాశ్చాత్య రాజ్యములతో సమానముగా నిలువవలెనను పట్టుదలతో ఆ ప్రభుత్వము అనేక సంస్కరణములు చేసెను. వానిలో పంచాంగపు మార్పు ఒకటి. 1872 డిసెంబరు 9వ తేదిని ఆజ్ఞ వెలువడెను. పాత లెక్కలో పండ్రెండవ నెల మూడవనాడు కావలసిన దినము, క్రొత్త లెక్కలో 1873 జనవరి 1వ తేది యగునని ఆ ఆజ్ఞ సారాంశము. ప్రజలకు దొరకిన గడువు ఇరువది మూడు దినములు. రాబోవు సంవత్సరపు పంచాంగములను అప్పటికే అచ్చువేసియుంచిన వర్తకులు నష్టపడిరి.

ఇంత తొందర యేల? ఆ ప్రభుత్వమున ప్రముఖుడైన ఓకుమా షిగెనోబు తరువాతి కాలమున దీనికి కారణము చెప్పెను. పాత పంచాంగము ప్రకారము రాబోవు సంవత్సరమున అధికమాసము పడినది. ఉద్యోగులకు నెలజీతములిచ్చు పద్ధతి అప్పటికే వచ్చియుండెను. పదమూడు నెలల జీతములిచ్చుటకు ఖజానాలో ధనము చాలదు. సూర్యమానమునకు మారినచో అధికమాసపు జీతము మిగులును. రెండు దినములతోనే ముగిసిన పండ్రెండవ నెల జీతమును మిగులును. ఈ విధముగా ఒక జాతియొక్క కాలగణనమే ఖజానా లెక్కలతో ముడిపడి మారినది.

1873 జనవరిలోనే ప్రభుత్వము పైన చెప్పిన అయిదు పర్వములను రద్దుచేసెను. వాని స్థానమున రెండు క్రొత్త దినములను నిలిపెను. ప్రథమ చక్రవర్తియని చెప్పబడు జిమ్ము సింహాసనమెక్కిన దినము ఒకటి. పరిపాలించుచున్న చక్రవర్తి పుట్టినదినము రెండవది. క్రమముగా ఇంపీరియల్ వంశమునకు, దేవతారాధనకు సంబంధించిన మరికొన్ని దినములు వీనితో చేరినవి. అనగా ప్రజల యిండ్లలో పెరిగిన పర్వములు తొలగి, రాజమందిరమున ఏర్పడిన పర్వములు వచ్చినవన్నమాట.

ఈ జిమ్ము చక్రవర్తి దినముయొక్క కథ వినదగినది. క్రీ. శ. 720లో రచింపబడిన నిహోన్ షోకి యను గ్రంథమున జిమ్ము సింహాసనమెక్కిన తిథి చెప్పబడియున్నది. దానిని లెక్కించినచో క్రీ. పూ. 660వ సంవత్సరమగును. ఆ గ్రంథము పుట్టుటకు దాదాపు 1400 ఏండ్లకు పూర్వపు మాట యిది. అంత పురాతన కాలమున జపానులో వ్రాతయే లేదు. కావున చరిత్రకారులు జిమ్మును ఐతిహ్యపురుషునిగానే యెంచుదురు. అయినను ప్రభుత్వము ఆ తిథిని క్రొత్త తేదిగా మార్చి, 1873 జనవరి 29వ తేదిని పండుగ చేయించెను. అయితే ఆ దినము సరిగా పాత పంచాంగపు సంవత్సరాది. ప్రజలు దానిని తమ పాత సంవత్సరాదిగానే భావించిరి. ప్రభుత్వము ఉద్దేశించినదొకటి, ప్రజలు గ్రహించినది వేరొకటి. అందుచేత మరల లెక్కలు కట్టించి, 1874 మొదలు ఆ పర్వమును ఫిబ్రవరి 11వ తేదికి మార్చిరి. దానికి కిగెన్‌సెత్సు, అనగా శకారంభ పర్వము, అని పేరు పెట్టిరి.

లెక్కకు దొరకిన ఈ తేది పిదప గొప్ప బలము సంపాదించెను. 1889లో మెయిజీ రాజ్యాంగమును ప్రకటించుటకు ఫిబ్రవరి 11వ తేదినే ఎన్నుకొనిరి. పాఠశాలలయందు ఆ దినమున బాలబాలికలు చక్రవర్తి చిత్రపటమునకు వంగి నమస్కరింపవలెను. ప్రధానోపాధ్యాయుడు చక్రవర్తి విద్యాశాసనమును చదువుచుండగా తలలు వంచి వినవలెను. 1940లో, చైనాతో యుద్ధము సాగుచున్న కాలమున, జిమ్ము కాలమునుండి 2600 ఏండ్లు గడచినవని దేశమంతట మహోత్సవములు జరిపిరి. ఒక ఐతిహ్యమును చరిత్రయని బోధించి, దానిని యుద్ధోత్సాహమునకు ఇంధనముగా వాడిరి. ఇది పర్వదినములలో దాగియుండు అపాయము. పండుగనాడు మనస్సు మెత్తబడియుండును. ఆనాడు చెప్పిన మాట లోతుగా నాటుకొనును.

1945 ఆగస్టులో జపాను యుద్ధమున ఓడిపోయెను. దేశము మిత్రరాజ్యముల సైన్యముల వశమయ్యెను. ప్రభుత్వమునకును షింటో మతమునకును గల సంబంధము తెగగొట్టబడెను. క్రొత్త రాజ్యాంగము 1946 నవంబరు 3వ తేదిని ప్రకటింపబడి, 1947 మే 3వ తేదినుండి అమలులోనికి వచ్చెను. పాత పర్వదినములు ఈ క్రొత్త ఏర్పాటులో ఇముడునా యను ప్రశ్న పుట్టెను. పార్లమెంటు చర్చించి, 1948 జూలై 20వ తేదిని జాతీయ పర్వదినముల చట్టమును వెలువరించెను. అందు తొమ్మిది దినములు మాత్రము కలవు. కిగెన్‌సెత్సు వానిలో లేదు.

ఆ తొమ్మిదింటిని పరిశీలించినచో ఒక విశేషము కనబడును. పాత దినములు అనేకము పోలేదు. పేర్లు మాత్రము మారినవి. నవంబరు 3వ తేది మెయిజీ చక్రవర్తి జన్మదినము. అది 1948నుండి సంస్కృతి దినమయ్యెను. చక్రవర్తి చేతిమీదుగా పండితులకును కళాకారులకును సంస్కృతి పతకములిచ్చుట ఆనాడే. క్రొత్త రాజ్యాంగమును ప్రకటించిన తేదియు అదియే. ఒక్క దినము మూడు జ్ఞాపకములను మోయుచున్నది. ఏప్రిల్ 29వ తేది షోవా చక్రవర్తి జన్మదినము. ఆయన 1989 జనవరి 7వ తేదిని మరణించిన పిదప, దానిని హరిత దినముగా మార్చి నిలుపుకొనిరి. ఆయన జీవశాస్త్రమును అభ్యసించినవాడు, మొక్కలపై ప్రీతి గలవాడు. మరల 2007లో ఆ దినమునకు షోవా దినమని పేరు పెట్టి, హరిత దినమును మే 4వ తేదికి జరిపిరి.

ఈ మారిన పేర్లలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించునది నవంబరు 23వ తేది. నేడు దాని పేరు శ్రమకు కృతజ్ఞతా దినము. పేరు వినినంతమాత్రమున అందు వరి యున్నట్లు తెలియదు. కాని ఆ దినమునకు మూలము నీనామెసై యను పురాతనమైన క్రొత్త బియ్యపు పూజ. ఆనాటి రాత్రి చక్రవర్తి ఆ యేటి క్రొత్త ధాన్యమును దేవతలకు నివేదించి, తానును ఆరగించును. పూర్వమిది పదునొకండవ నెలలో రెండవ శశక దినమున, అనగా కుందేలు పేర పిలువబడు దినమున, జరిగెడిది. 1873లో ఆ దినము నవంబరు 23వ తేదిని పడినందున ఆ తేదియే స్థిరపడిపోయెను. 1948 చట్టము దేవతల పేరు తీసివేసి, శ్రమను గౌరవించి పంటలకు సంతోషించి ఒకరికొకరు కృతజ్ఞత తెలుపుకొను దినముగా దానిని చేసెను. అయినను రాజమందిరమున ఆ పూజ నేటికిని నడచుచునేయున్నది. 1927లో షోవా చక్రవర్తి మందిరపు ఆవరణలోని మడిలో స్వయముగా నారు నాటుట ఆరంభించెను; తరువాతివారు దానిని విడువలేదు. క్రొత్త చక్రవర్తి వచ్చినపుడు చేయు మొదటి పూజ మరింత వైభవముగా జరుగును. 2019 నవంబరులో నరుహితో చక్రవర్తి అట్లు చేసెను. అందుకు కావలసిన వరి ఏ ప్రాంతమునుండి రావలెనో నిర్ణయించుటకు తాబేటిచిప్పను కాల్చి, దానిపై పడిన బీటలను చూచిరి. తొచిగి, క్యోతో ప్రాంతములకు ఆ భాగ్యము కలిగెను.

మార్చి, సెప్టెంబరు నెలలలో పగలును రాత్రియు సమానమగు రెండు దినములు గూడ ఇట్టివే. మెయిజీ ప్రభుత్వము వానిని చక్రవర్తుల పితృపూజలకు ఏర్పరచెను. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే సామాన్య ప్రజలు ఆ దినములకు ఇటు మూడు, అటు మూడు దినములు కలిపి ఏడు దినములు పితరులను స్మరించెడివారు. సమాధులు కడిగి, పూలుంచి, చిక్కుడుజాతి ఎఱ్ఱగింజల తీపిముద్దతో కప్పిన అన్నపు ఉండలు నివేదింతురు. ఆ యేడు దినములకు హిగన్ అని పేరు. హిగన్ అనగా ఆవలి యొడ్డు. సంస్కృతమున పారమిత యను బౌద్ధ పదమునకు చైనీయులు చేసిన అనువాదమునుండి ఆ మాట వచ్చినది. ఆ పారమితలను వివరించిన మహాయాన గురువులలో అగ్రగణ్యుడు నాగార్జునుడు. మన శ్రీపర్వతముతో ఆయన పేరు ముడిపడియున్నది. జపానీయులు ఆయనను ర్యూజు అని పిలిచి, ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలగురువుగా ఎంచుదురు. 1948 చట్టమున ఈ రెండు దినములకు విషువదినములను పేరే కలదు. ఖగోళశాస్త్రజ్ఞులు లెక్కించి, ఏ తేదిని పడునో ముందుయేడు ఫిబ్రవరి నెలలో ప్రకటింతురు. ప్రభుత్వము వానిని రాజుల పితృదినములన్నను, ప్రకృతిని మెచ్చుకొను దినమన్నను, ప్రజలు మాత్రము తమ సమాధులకు పోవుట మానలేదు.

ఇక ఫిబ్రవరి 11వ తేది సంగతి. దానిని మరల తెచ్చుటకు కొందరు పట్టుపట్టిరి. మరికొందరు తీవ్రముగా ఎదిరించిరి. ఎదిరించినవారిలో షోవా చక్రవర్తికి స్వయముగా తమ్ముడైన మికాసా రాజకుమారుడు ఒకడు. ఆయన ప్రాచీన ప్రాచ్యదేశముల చరిత్రను అభ్యసించినవాడు. ఆధారములేని తేదిని చరిత్రయని పిల్లలకు బోధింపరాదని ఆయన వాదము. తన వంశమునకే కీర్తి తెచ్చు పర్వమును సత్యముకొరకు కాదనుట సామాన్యమైన విషయము కాదు. బిల్లులు మాటిమాటికి వచ్చి వీగిపోయిన పిదప, 1966లో ఒక రాజీ కుదిరెను. తేదిని చట్టమున వ్రాయక, ప్రభుత్వపు ఉత్తరువునకు విడిచిరి. పేరును గూడ నేర్పుగా కూర్చిరి. ఈ తేదినాడు దేశము పుట్టినదని కాక, దేశము పుట్టినందులకు స్మరించు దినమని అర్థము వచ్చునట్లు చేసిరి. 1967నుండి ఫిబ్రవరి 11వ తేది మరల పర్వదినమయ్యెను. పండుగ వచ్చినది, వివాదము పూర్తిగా పోలేదు.

ఇంతవరకు రాజమందిరమునుండి దిగివచ్చిన దినములనుగూర్చి చెప్పితిని. ఊళ్లనుండి పైకి ఎక్కిన దినములును కలవు. రద్దయిన అయిదు పర్వములలో అయిదవ నెల అయిదవనాటి పర్వము ప్రజల యిండ్లలో నిలిచియే యుండెను. మగపిల్లలున్న యిండ్లవారు కొయ్యకు గుడ్డచేపలను కట్టి గాలిలో ఎగురవేయుదురు. ప్రవాహమునకు ఎదురీది జలపాతమెక్కిన చేప మహాసర్పమగునని చైనా కథ. తమ పిల్లలును అట్లే పైకి రావలెనని వారి కోరిక. 1948 చట్టము ఆ దినమునే బాలల దినముగా అంగీకరించెను. మగపిల్లలకే గాక పిల్లలందరికిని దానిని వర్తింపజేసి, తల్లులకు కృతజ్ఞత తెలుపుటను గూడ అందు చేర్చెను.

యుద్ధము ముగిసిన మరుసటియేడు, 1946 నవంబరు 22వ తేదిని, టోకియో నగరమునకు సమీపమున సైతామ జిల్లాలోని వరబి యను చిన్న పట్టణమున యువజనులు ఒక ఉత్సవము జరిపిరి. ఓటమిచేత ఆశలుడిగియున్న ఇరువది యేండ్లవారిని ఒకచోట చేర్చి, మీరు పెద్దవారైతిరి, దేశము మీది యని ధైర్యము చెప్పిరి. ఇదియే యుక్తవయస్సు దినమునకు ప్రేరణ యయ్యెను. పూర్వము బాలురకు పెద్దరికపు సంస్కారము చేయు కాలమని జనవరి 15వ తేదిని దానికి నిర్ణయించిరి.

పెద్దలారా, మీరు ప్రత్యేకముగా వినవలసిన కథ ఇకమీద చెప్పునది. హ్యోగో జిల్లాలో నోమదాని యను చిన్న గ్రామము ఉండెడిది. యుద్ధానంతరమున ఆ గ్రామపెద్దగా నుండినవాడు కదొవకి మసావో. కొడుకులను యుద్ధమునకు పంపి దుఃఖమున నున్న వృద్ధులు ఆ గ్రామమున అనేకులు. వారిని ఓదార్చవలెను, వారి అనుభవమును గ్రామము తిరిగి నిలబెట్టుటకు ఉపయోగించుకొనవలెను. ఈ తలంపుతో ఆయన 1947 సెప్టెంబరు 15వ తేదిని గ్రామములోని వృద్ధులను పిలిచి సన్మానించెను. ఆ తేదికి కారణము రాజవంశములో లేదు, గ్రంథములలో లేదు. అప్పుడు పొలము పనులు తీరికగా నుండును; ఎండయు చలియు ఎక్కువ కాదు; ముసలివారు నడచి రాగలరు. అంతే.

మరుసటియేడు చట్టము వచ్చెను. అందు పిల్లలకు దినమున్నది, యువజనులకు దినమున్నది, వృద్ధులకు లేదు. గ్రామపెద్ద దీనిని లోపముగా ఎంచి, తమ గ్రామము మట్టుకు సెప్టెంబరు 15వ తేదిని వృద్ధుల దినముగా నిర్ణయించి, తక్కిన గ్రామములవారిని గూడ చేయుడని కోరెను. 1950లో హ్యోగో జిల్లా అంతయు దానిని స్వీకరించెను. 1951లో అది దేశమంతట వ్యాపించెను. 1966లో చట్టమున చేరి జాతీయ పర్వదినమయ్యెను. కొందరు పిదప ఆ తేదికి పురాతన రాజకుమారుల కథలను అంటగట్టిరి. క్రొత్త దినమునకు పాత కారణము వెదకుట మానవ స్వభావము. కాని నిజమైన కారణము ఒక గ్రామపు పొలముల తీరికయే.

2003లో, ఆదివారముతో కలిసి వరుసగా సెలవులు రావలెనని, ప్రభుత్వము ఈ పర్వమును సెప్టెంబరు మూడవ సోమవారమునకు మార్చెను. వృద్ధుల సంఘములు ఇందుకు అభ్యంతరము చెప్పెను. వారి మాట మన్నించి, వేరొక చట్టమున సెప్టెంబరు 15వ తేది వృద్ధుల దినమను పేర నిలుపబడినది. సెలవు ఒకనాడు, జ్ఞాపకము ఒకనాడు. నూరేండ్లు నిండినవారికి ప్రభుత్వము వెండి పాత్ర బహూకరించు ఆచారము 1963లో మొదలయ్యెను. ఆనాడు నూరేండ్లు దాటినవారు దేశమంతటిలో 153 మంది. 2024లో వారి సంఖ్య 95 వేలు మించెను. ఖర్చు భరింపలేక 2016నుండి శుద్ధమైన వెండికి మారుగా వెండిపూత పాత్రలిచ్చుచున్నారు. పాత్ర పలుచబడినను, దానిని అందుకొనువారు పెరిగిరి గదా!

ఈ వృత్తాంతములనుండి నాకు తోచినది మనవి చేయుదును. ప్రభుత్వము దినమునకు పేరు పెట్టగలదు, తీసివేయగలదు, సోమవారమునకు జరుపగలదు. కాని ఆ దినమున చేయుటకు ఇంటిలో ఒక పనియున్నచో ఆ దినము చెడదు. కడుగవలసిన సమాధి, వండవలసిన క్రొత్త బియ్యము, ఎగురవేయవలసిన గుడ్డచేప, పిలువవలసిన ముసలివారు, ఇవియే పర్వమునకు పునాదులు. ఉత్తరువుతో మాత్రము నిలిచిన దినము ఉత్తరువుతోనే కూలును. మరల లేచినను వివాదముతోనే లేచును. పర్వము ఎట్లు పుట్టినదో తెలిసిన పెద్దలు దానిని పిల్లలకు చెప్పవలెను. ఐతిహ్యమును ఐతిహ్యముగా, జరిగినదానిని జరిగినట్లుగా చెప్పవలెను. పెద్దలు చెప్పక మానినచో ఆ పని చేయుటకు ఇతరులు సిద్ధముగా నుందురు. వారు తమకు కావలసిన కథయే చెప్పుదురు.

మన భాషలో సెలవు అను మాటకు పని లేని దినమనియు, వెడలుటకు అనుమతి యనియు రెండర్థములు కలవు. మొదటి అర్థమునుగూర్చి ఇంతసేపు మాటలాడితిని. రెండవ అర్థమున మీయొద్ద సెలవు గైకొనుచున్నాను.